ఎంబీఏ పిల్లలకు వ్యాపార నీతి ఎలా చెప్పాలి?

ప్రశ్న (లెక్చరర్, కర్నూలు): సత్యం కంప్యూటర్స్ కంపెనీ లెక్కల కుంభకోణం చెబుతున్నాను. 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ ఛైర్మన్ రాసిన లేఖ, ఖాతాల్లో చూపిన లేని నగదు 5,040 కోట్లు, అన్నీ రాసుకుంటారు. మార్కులూ వస్తాయి. "మీరైతే ఏం చేసేవాళ్లు?" అంటే మాత్రం తల దించుకుంటారు. నాకదే బాధ.

జవాబు 1: మేడమ్, అసలు లాభానికీ ఖాతాల్లో చూపిన లాభానికీ తేడా మొదట చిన్నదేనని, ఏటేటా పెరిగిందని ఆ లేఖలోనే ఉంది. 5,040 కోట్లు వదిలేయండి. ఆ మొదటి ఏడాది అకౌంటెంట్ కుర్చీలో పిల్లల్ని కూర్చోబెట్టండి. ఇంటి లోను ఉంది, బాస్ సంతకం పెట్టమంటున్నాడు. అప్పుడు అడగండి.

జవాబు 2 (ఉల్లి వ్యాపారి): మార్కెట్ యార్డుకు తీసుకురండి మేడమ్. పైన గట్టి గడ్డలు, అడుగున వానకు మెత్తబడినవి. రైతేమో అప్పుల్లో ఉంటాడు. బస్తా కుమ్మరిస్తా, ధర వాళ్లనే చెప్పమనండి.

లెక్చరర్: తప్పకుండా వస్తాం అన్నా. వేలం ఎన్నింటికి మొదలవుతుంది?