పదవీ విరమణ తరువాత కడపలో ఏం చేయవచ్చు?

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప):
నిరుడు ఉద్యోగ విరమణ చేశాను. పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు. ఉదయపు నడక, పత్రికా పఠనం ముగిసేసరికి ఎనిమిది కూడా కాదు, ఆపై రోజంతా అలాగే మిగిలిపోతుంది. కొత్తగా ఏదైనా నేర్చుకోవాలని, కాస్త సాహసమూ చేయాలని ఉంది. మోకాళ్లు మాత్రం అంతగా సహకరించవు.

జవాబు (ప్రొద్దుటూరు):
అయ్యా, మీ ఊళ్లోనే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉండగా వెతుకులాట ఎందుకు? అక్కడి పాత గ్రంథాలు చదువుతూ శాసన లిపి నేర్చుకోండి. క్రీ.శ. 575 ప్రాంతానిదని చెప్పే ఈ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల కలమళ్ల శాసనం మన ఎర్రగుంట్ల పక్కనే వెలసింది. ఆ లిపిలో ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కొని చదవడం కొండ ఎక్కడానికి తీసిపోని సాహసమే.

జవాబు (అనంతపురం):
గండికోటలో వాహనం కోట లోపలిదాకా వెళ్తుంది కానీ, పెన్నా లోయ అంచున బండలపై నడక తప్పదు, చేతికర్ర ఉంచుకోండి. 3,229 మీటర్ల బెలుం గుహల్లో మెట్లు, ఉక్కపోత ఎక్కువ, మీకు వద్దంటాను.

జవాబు (కర్నూలు):
తిరగడం మంచిదే అన్నగారూ, కానీ నలుగురికీ పనికొచ్చే వ్యాపకం కూడా ఉండాలి. నేను మా వీధిలోని పింఛనుదారులకు, తాము బతికే ఉన్నామని ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రాలు ఫోనులోనే సమర్పించి పెడుతున్నాను. వేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖ గుర్తింపు పద్ధతి చూపిస్తాను. ఆ పత్రాలిచ్చే నవంబరులో మా అరుగు ఖాళీగా ఉండదు.