అరీతా వెనక పాడినవాళ్ళని తెలుగులో ఏమందాం?

మొన్న మన గుంపులో ఒకరు అమెరికా నల్లజాతి సోల్ సంగీత గాయని అరీతా ఫ్రాంక్లిన్ గురించి చక్కటి పోస్టు రాశారు. అందులో ఆమె వెనక పాడినవాళ్ళని 'నేపథ్య గాయనులు' అన్నారు. వెంటనే కింద ప్రశ్న పడింది: నేపథ్య గాయని అంటే మనకి సుశీల గారు, జానకి గారు కదా, వాళ్ళూ వీళ్ళూ ఒకటేనా అని. న్యాయమైన ప్రశ్న. సినిమా వచ్చాక ఆ మాట తెర వెనక నుంచి అసలు పాట పాడేవారికి స్థిరపడిపోయింది. అసలు గొంతు పక్కన నిలబడి దానికి ఊతమిచ్చేవారికి కూడా అదే వాడితే తికమక తప్పదు. పోనీ 'సహగాయని' అందామా అంటే యుగళగీతంలో సగం పాట పంచుకున్నావిడ అనిపిస్తుంది. 'బృందగానం' అంటే అందరూ కలిసి ఒకే పాట పాడటం. స్టూడియోల్లో 'కోరస్' అంటారు, అది అందరికీ తెలిసిందే, దానితో నాకు పేచీ లేదు. కానీ మనకంటూ ఒక మాట ఉంది. వంత.

ఇక్కడే చిక్కు. 'వంత పాడటం' అనగానే ఈ రోజు ఎవరికైనా గుర్తొచ్చేది పెద్దాయన ఏమన్నా తలూపేవాళ్ళే. 'తానా అంటే తందానా అంటారు' అన్నది కూడా అదే బాపతు. రెండు మాటలూ కథ చెప్పే వేదిక మీంచి దిగొచ్చినవే, రెండూ తిట్లయిపోయాయి. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. బుర్రకథ దగ్గరగా చూసినవాళ్ళకి ఎందుకో తెలుస్తుంది. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు. అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. వాళ్ళు 'తందాన తాన' అందుకున్నప్పుడు కథకుడికి ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది, తాళం మాత్రం జారదు. అంతటితో అయిపోలేదు. ఒకాయన హాస్యం పండిస్తాడు, రెండో ఆయన నాటి రాజకీయం ఎత్తుతాడు, కథకుణ్ణి నిలదీసి అడుగుతాడు. పొన్నెకల్లు షేక్ నాజర్ గారంతటి కథకుడికి కూడా వంతలు లేకుండా కథ నడిచేది కాదు. వంత అనేది అవునవుననడం కాదు, కథని ముందుకు తోయడం.

ఇప్పుడు అరీతా దగ్గరికి వద్దాం. ఆమె 1942 మార్చి 25న మెంఫిస్‌లో పుట్టింది, పెరిగిందంతా డెట్రాయిట్. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ పేరున్న పాస్టరు, న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చిలో ఆయన ప్రసంగమే ఒక గానం. ఆ చర్చిల్లో ఒకరు ఒక మాట అంటే సభంతా జవాబు చెబుతుంది, ఎవరూ ఊరికే కూర్చుని వినరు. బానిసత్వపు రోజుల్లో నల్లవాళ్ళకి చదువు రానివ్వలేదు, చేతికి పాటల పుస్తకం లేదు. ముందు ఒకరు చరణం అందిస్తే మిగతావాళ్ళు దాన్ని సాగదీసి పాడేవారు. పొలంలో పని పాటలదీ అదే వరస. అరీతా గొంతులోని బలం ఆ జవాబుల మధ్య పెరిగింది. అందుకే ఆమె గొప్పతనాన్ని ఒంటరి గొంతుగా చూడటం నాకు సగమే అనిపిస్తుంది.

1960 నుంచి కొన్నేళ్ళు ఆమె కొలంబియా రికార్డు కంపెనీకి పాడింది. గొంతు అప్పుడూ అదే. కానీ చాలా పాటల్లో చుట్టూ వయొలిన్లు, మర్యాదైన అమరికలు. 1967లో అట్లాంటిక్ కంపెనీకి వచ్చాక నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను పియానో ముందు కూర్చోబెట్టాడు, ఆమె చెల్లెలు కెరొలిన్, అక్క ఎర్మా పక్కన చేరారు. అక్కడి నుంచి కథే మారిపోయింది.

ఆ మొదటి రోజుల సంగతి ఒకటి చెబుతాను. 1967 జనవరిలో అలబామాలోని మజిల్ షోల్స్‌లో రికార్డింగు మొదలైంది. ఒక పాట పూర్తయింది, రెండోది సగంలో ఉండగా గొడవ జరిగి అందరూ చెల్లాచెదురయ్యారు. పూర్తయిన పాటని రేడియోవాళ్ళు విని ఊగిపోతున్నారు, కానీ రికార్డు వెయ్యాలంటే రెండో వైపుకి పాట లేదు. ఆ సగం పాటే 'డూ రైట్ విమన్, డూ రైట్ మాన్'. న్యూయార్క్‌లో అరీతా దాని మీద తనే పియానో వాయించింది, ఆర్గన్ వాయించింది, పాడింది. తర్వాత అక్కచెల్లెళ్ళతో కలిసి వంత పాడింది. ఆ పాట ఇప్పుడు వినండి. వాద్యాలు చాలా తక్కువ. దాన్ని నిలబెట్టింది ఆ ముగ్గురి గొంతులే.

ఆ ఫిబ్రవరి 14న 'రెస్పెక్ట్' రికార్డు చేశారు. ఓటిస్ రెడింగ్ రాసి 1965లో పాడిన పాట అది. ఆయన పాడినప్పుడు ఇంటికొచ్చిన మగవాడు కాస్త మర్యాద ఇవ్వమని అడుగుతున్నట్టు ఉంటుంది. అరీతా పాడితే ఆడమనిషి తనకి రావలసింది వసూలు చేసుకుంటున్నట్టు ఉంటుంది. ఆ మాటని అక్షరం అక్షరంగా విడదీసి పలకడం ఓటిస్ పాటలో లేదు, ఇక్కడ చేర్చారు. వంతలు వెనక నుంచి 'రీ రీ రీ రీ' అని తగులుకుంటారు. రెస్పెక్ట్‌లో మొదటి ముక్క అది, ఇంట్లో అరీతా ముద్దుపేరూ 'రీ'నే. అక్కాచెల్లెలూ ఆమెని పేరు పెట్టి పిలుస్తూ వెనక నిలబడ్డారన్నమాట! నాకు ఒళ్ళు జలదరించే చోటు అది. అరీతా తాళానికి కాస్త వెనకబడుతుంది, ఒక్కోసారి ముందుకు దూకుతుంది, మాటని విరుస్తుంది, సాగదీస్తుంది. అంత స్వేచ్ఛ ఎక్కడిది? వంతలు తాళం మీద గోడలా నిలబడ్డారు కాబట్టి.

అక్కచెల్లెళ్ళు కాక ఆమెకి వంత పాడిన ఇంకో జట్టు 'స్వీట్ ఇన్‌స్పిరేషన్స్'. సిస్సీ హ్యూస్టన్, సిల్వియా షెమ్‌వెల్, మిర్నా స్మిత్, ఎస్టెల్ బ్రౌన్. నలుగురూ చర్చి పాటల్లోంచి వచ్చినవాళ్ళే. సిస్సీ అంటే గాయని విట్నీ హ్యూస్టన్ తల్లి, ఇంకో గాయని డియాన్ వార్విక్‌కి పిన్ని. 1969 నుంచి ఈ జట్టు ఎల్విస్ ప్రెస్లీ వేదికల మీద కూడా పాడింది. అంతమంది ఉద్దండుల రికార్డుల్లో వీళ్ళ గొంతులున్నాయి, విన్నవాళ్ళలో చాలామందికి పేర్లు తెలియవు.

వంత విలువ తెలియాలంటే 1968లో వచ్చిన 'ఐ సే ఎ లిటిల్ ప్రేయర్' చాలు. డియాన్ వార్విక్ అంతకుముందే పాడి హిట్ చేసిన పాట. ఉబుసుపోకకి వీళ్ళంతా కలిసి పాడుకుంటుంటే అది రికార్డయ్యే దాకా వెళ్ళిందని చెబుతారు. పాటకి పేరొచ్చింది 'నీ కోసం ఓ చిన్న ప్రార్థన చేసుకుంటా' అనే వాక్యంలోంచి. అరీతా ఆ వాక్యాన్ని పూర్తిగా పాడదు. 'చేసుకుంటా ఓ చిన్న' అని వదిలేస్తుంది. 'ప్రార్థన, నీ కోసం' అన్న ముక్క వంతలది. ఆలోచించండి, పాటకి ప్రాణమైన మాట తన నోట కాకుండా పక్కవాళ్ళ నోట పెట్టింది. పల్లవి దగ్గరికొచ్చేసరికి ముందు నడిచేది వాళ్ళే, ఆమె మధ్యలో దూరి జవాబు చెబుతుంది. అసలు పాట ఎవరిది, వంత ఎవరిది అన్న లెక్క అక్కడ తిరగబడిపోతుంది. ఇంత పెద్ద గొంతున్న మనిషి ఎప్పుడు తగ్గాలో తెలుసుకోవడం నాకు ఆమె గొంతు కంటే గొప్పగా కనిపిస్తుంది.

కాబట్టి నా మాట ఇది: స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ అరీతాకి వంత పాడారు అని ధైర్యంగా రాద్దాం. ఆ మాటకి ఉన్న పరువు దానికి తిరిగి రావాలి. మీరేమంటారు?

— మంచి పోస్టు. కానీ ఒక సందేహమండీ. బుర్రకథకీ నల్లవాళ్ళ చర్చి పాటకీ ఏం సంబంధం? బలవంతంగా ముడిపెడుతున్నారేమో.

— చరిత్రలో సంబంధం లేదండీ, ఉందని నేను అనడం లేదు. పని ఒకటే అంటున్నాను. ఒకరు ముందుండి, మిగతావాళ్ళు అందుకుని, పాటని ఇద్దరి మధ్య తిప్పడం. ఆ పనికి మన దగ్గర పేరుంది కాబట్టి వాడుకుందామంటున్నాను. అంతకు మించి పోలిక లాగను. వాళ్ళ పాట వెనక ఉన్న బాధ వాళ్ళదే.

— కావ్యాల్లో 'వంత' అంటే దుఃఖం కదా మాస్టారూ? బ్రౌణ్యంలో, అదే బ్రౌన్ దొర నిఘంటువులో, చూసిన గుర్తు.

— అవునమ్మా, ఆ అర్థమూ ఉంది. వంత పొందడం అంటే దుఃఖపడటం. అది ఇప్పుడు పుస్తకాలకే పరిమితం, నోట వినపడేది పాట వంతే. సోల్ సంగీతం కదా, దుఃఖం అర్థాన్ని కూడా కలిపేద్దామని ఎవరికైనా అనిపించవచ్చు. నేను ఆ పని చెయ్యను, ఏ మాట దారి దానిది.

— అన్నా, మా వైపు బతుకమ్మ ఆడేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళమంతా 'ఉయ్యాలో' అంటాం. దాన్ని వంత అనం. అందుకోవడం అంటాం. 'ఎత్తుకునేటామె', 'అందుకునేటోళ్ళు'.

— అక్కా, ఇది బంగారం లాంటి మాట. 'ఎత్తుకోవడం, అందుకోవడం' అనే జంటలో తక్కువ ఎక్కువలు లేవు. అరీతా ప్రార్థన పాటకి ఇది అచ్చంగా సరిపోతుంది: ఆమె ఎత్తుకుని వదిలింది, వాళ్ళు అందుకున్నారు. క్రియగా దీన్నే వాడతాను. మనుషులకి పేరు కావలసి వచ్చినప్పుడే వంతలు అంటాను.

— 'వంత గాయని' అనొచ్చా? పత్రికలో పనిచేస్తున్నాను, హెడ్డింగుకి రెండు మాటల్లో కావాలి.

— తెలుగు మాటకి సంస్కృతం తగిలించారని, వైరిసమాసమని పెద్దలు పట్టుకుంటారు. నాకు అంత పట్టింపు లేదు, కానీ చెవికి అతకడం లేదు. 'వంతపాట సిస్సీది' అని రాసి చూడండి, హెడ్డింగుకి పొట్టిగానే ఉంటుంది. లోపల 'వంత పాడిన సిస్సీ హ్యూస్టన్' అంటే చాలు. ఒక్క జాగ్రత్త. రాజకీయ వార్త పక్కన పడితే 'వంత పాడిన' అన్నది తిట్టులా చదువుకుంటారు. పాట అన్న మాట దగ్గర్లో ఉండేలా చూసుకోండి.

— వంతలు అసలు గాయని కంటే పైకి వెళ్ళిన సందర్భం ఉందా? మన కచేరీల్లో అయితే అది మర్యాద తప్పడం.

— ఉంది. 1968లోనే వచ్చిన 'ఎయింట్ నో వే'. రాసింది చెల్లెలు కెరొలిన్. అందులో సిస్సీ హ్యూస్టన్ మాటలు లేకుండా, ఒట్టి స్వరంతో అరీతాకి చాలా పైన ఒక గీత గీస్తుంది. అరీతా కింద ప్రేమించనివ్వవేం అని మాటలతో వాదిస్తుంటుంది. మాటలు చాలని చోట పై గొంతు అందుకుంటుంది. అది తోసుకుని రావడం కాదు. పాట రాసింది చెల్లెలు, కింద పాడింది అక్క, పైన మోసింది సిస్సీ. అరీతా దాన్ని తగ్గించమనలేదు, రికార్డు మీద అలాగే నిండుగా ఉంది. తన బలం మీద నమ్మకం ఉన్నవాళ్ళే పక్కవాళ్ళని అంత ఎత్తుకి వెళ్ళనిస్తారు.

— చర్చి కోయిర్‌తో పాడినవి ఏమైనా ఉన్నాయా? మా అమ్మ కోయిర్‌లో పాడుతుంది, వినిపిస్తాను.

— తప్పకుండా వినిపించు తమ్ముడూ. 1972 జనవరి 13, 14 రాత్రులు లాస్ ఏంజెలెస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు చర్చిలో పాడినవి 'అమేజింగ్ గ్రేస్' అనే ఆల్బమ్‌గా వచ్చాయి. పక్కన రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్, వెనక సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కోయిర్. చిత్రీకరణ కూడా జరిగింది, కానీ బొమ్మకీ శబ్దానికీ జత కుదరక ఏళ్ళ తరబడి మూలన పడి, చివరికి 2018లో జనం ముందుకొచ్చింది. అదే ఏడు ఆగస్టు 16న ఆమె పోయింది. ఫిల్ములో కోయిర్‌ని నడిపే అలెగ్జాండర్ హామిల్టన్ చేతుల్ని గమనించమని అమ్మగారికి చెప్పు. అరీతా ఎప్పుడు ఎటు తిరుగుతుందో ముందే రాసిపెట్టి ఉండదు, ఆయన ఆమె మీద కన్నేసి ఉంచి క్షణంలో కోయిర్‌ని అటు తిప్పుతాడు. కోయిర్‌లో పాడేవాళ్ళకి ఆ పని ఎంత కష్టమో మనకంటే బాగా తెలుస్తుంది.

బతుకమ్మ అక్కయ్య చెప్పినట్టు మిగతా ప్రాంతాల మాటలు కూడా కావాలి. నాట్ల పాటల్లో, చెక్కభజనలో, కోలాటంలో ముందు పాడేవారినీ తర్వాత అందుకునేవారినీ మీ ఊళ్ళో ఏమంటారు? శ్రీకాకుళం వైపువాళ్ళు, పాలమూరు వైపువాళ్ళు, అనంతపురం వైపువాళ్ళు ఇక్కడే కింద రాయండి, ఊరి పేరుతో సహా.