పేరెంట్స్‌తో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్: అమ్మకు తినేందుకు ఏమన్న దొరుకుతదా?

ఫ్రీమాంట్ నుంచి, కొత్తగా వచ్చిన అబ్బాయి:

అందరికీ నమస్తే. ఎమ్మెస్ అయిపోయి ఈమధ్యనే ఫ్రీమాంట్‌కు షిఫ్ట్ అయిన, మాది హన్మకొండ. వచ్చే నెల అమ్మ, నాన్న వస్తున్నరు, ఫస్ట్ టైమ్. గోల్డెన్ గేట్ ఎట్లాగూ చూపిస్త గానీ నాన్నకు చైనాటౌన్ చూడాలని ఉన్నది, టీవీల చూసిండట. అమ్మ నీసు ముట్టది, గుడ్డు గూడ తినది. పొద్దంత ఆడ తిరిగితే ఆమెకు ఏమన్న దొరుకుతదా, వెజ్ మంచూరియా, నూడుల్స్ అసుంటివి ఉంటయి గదా? రిటర్న్‌ల సింగపూర్‌ల ఒక్కరోజు ఆగుతరు, ఆడ గూడ చైనాటౌన్ ఉందంట, రెండు చూసుడు వేస్టా? ఇంక కార్ల పోవాల్నా ట్రైన్ల పోవాల్నా, అది గూడ చెప్పుండ్రి అన్నా.

శాన్ మటేయో నుంచి:

తమ్ముడూ, ముందు మంచూరియా సంగతి తేల్చేద్దాం. ఆ చైనాటౌన్‌లో అది ఉండదు. అది మన దేశంలో పుట్టిన వంట, ఇక్కడి పాత కుటుంబాలేమో దక్షిణ చైనాలోని కాంటన్ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళని మంచూరియా అడిగితే నీ మొహం వంక చూస్తారు అంతే. నాన్నగారికి ఇబ్బంది లేదు, డిమ్ సమ్ (ఆవిరి మీద ఉడికించే చిన్న చిన్న చైనా టిఫిన్లు) షాపుకి తీసుకెళ్ళు, వేలు పెట్టి చూపిస్తే పెడతారు. అమ్మగారితోనే జాగ్రత్త. చూడ్డానికి వెజ్‌లా ఉండే ముల్లంగి కేక్ ఒకటుంటుంది, తెల్లగా చదరంగా కాల్చి ఇస్తారు, అందులో మామూలుగా ఎండు రొయ్యలు, సాసేజ్ ముక్కలు ఉంటాయి. ఆకుకూర వేపుడు అడిగితే పైన ఆయిస్టర్ సాస్ పోసి తెస్తారు, అది ఆల్చిప్పల మాంసంతో చేసేది. ఉత్తి "వెజిటేరియన్" అంటే మాంసం ముక్క కనపడకపోతే చాలు అనుకునేవాళ్ళు బోలెడుమంది, అందుకని ఆయిస్టర్ సాస్ వద్దు, చికెన్ స్టాక్ వద్దు, గుడ్డు వద్దు అని ఒక్కోటి విడివిడిగా చెప్పాలి. బౌద్ధుల పద్ధతిలో వండే వెజిటేరియన్ హోటల్ దొరికితే కళ్ళు మూసుకుని వెళ్ళిపో, చాలాచోట్ల ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. నువ్వులద్దిన బూరెలా గుండ్రంగా ఒక స్వీట్ ఉంటుంది, లోపల ఎర్ర బీన్స్ ముద్దో తామరగింజల ముద్దో పెడతారు, మా అమ్మకి తెగ నచ్చింది, అయినా పందికొవ్వు కలిపారేమో అడిగి కొను. రాస్ ఆలీలో 1962 నుంచి నడుస్తున్న ఫార్చ్యూన్ కుకీ ఫ్యాక్టరీ ఉంది, చిన్న గది, పెద్దావిడలు వేడి వేడి కుకీలు చేత్తో మడుస్తుంటే చూడ్డానికి బావుంటుంది, కాకపోతే కుకీలో గుడ్డు ఉంటుంది. ఆ కుకీ అసలు చైనాది కూడా కాదు, జపాన్ వాళ్ళ నుంచి వచ్చింది.

ఇక తిరగడం. అందరూ బుష్ స్ట్రీట్ దగ్గర డ్రాగన్ గేట్ ముందు ఫోటో దిగి, గ్రాంట్ ఎవెన్యూలో ఫ్రిజ్ మాగ్నెట్లు కొని, ఇంతేనా అనుకుంటూ వెళ్ళిపోతారు. గేటు 1970లో కట్టింది. పక్క వీధి స్టాక్టన్‌కి వెళ్ళు, అసలు ఊరు అక్కడుంది. ముసలివాళ్ళు గులాబీరంగు ప్లాస్టిక్ సంచులు పట్టుకుని బేరాలాడుతుంటారు, తొట్లలో బతికున్న చేపలు, ఎండబెట్టిన పుట్టగొడుగులు, అమ్మగారు గుర్తుపట్టే కూరలన్నీ ఉంటాయి, బీరకాయ, బూడిదగుమ్మడి, చేమదుంపలు, సీజన్‌లో ఎర్ర తోటకూర, వాళ్ళ కాకరకాయ మాత్రం లేత పచ్చగా నున్నగా ఉంటుంది. కార్డు తీసుకోని కొట్లున్నాయి, చిల్లర డాలర్లు ఉంచుకో. సంచి తీసుకెళ్తే ఆ వారం కూరలు కూడా అయిపోతాయి.

కాలిఫోర్నియా స్ట్రీట్ మూలమీద పగోడా కప్పుల బిల్డింగులు చూసి నాన్నగారు ఇది అచ్చం చైనాయే అంటారు, అక్కడ ఆపి ఈ కథ చెప్పు. 1906 భూకంపం, దాని వెనకాల మంటల్లో చైనాటౌన్ మొత్తం బూడిదైపోయింది. ఇదే సందని ఊరి పెద్దలు వీళ్ళని ఊరి చివర హంటర్స్ పాయింట్ వైపు తరిమేద్దామని ప్లాన్ వేశారు, ఎందుకంటే ఊరి నడిబొడ్డున ఉన్న స్థలం కదా. చైనా వ్యాపారులు వెంటనే తెల్ల ఆర్కిటెక్టుల్ని పెట్టుకుని టూరిస్టులు ఎగబడేలా పగోడాలు, రంగులు పెట్టి కట్టించేశారు, ఇక వీళ్ళని కదిలిస్తే నగరానికే నష్టం అనేలాగ. నాకైతే ఆ బిల్డింగుల అందం కన్నా ఆ తెలివి ఎక్కువ నచ్చుతుంది. అదే మంటల్లో సిటీ హాల్ రికార్డులు కూడా పోయాయి కాబట్టి తర్వాత చాలామంది నేను ఇక్కడే పుట్టానని చెప్పుకుని, కాగితం మీద కొడుకుల్ని చూపించి మనుషుల్ని తెచ్చుకున్నారు, వాళ్ళని పేపర్ సన్స్ అంటారు. మరి 1882 చట్టం చైనా కూలీల్ని అసలు రానివ్వలేదు, 1943 దాకా ఎత్తెయ్యలేదు, ఇంకేం చేస్తారు.

ఇంకోటి, ఇది మన హెచ్‌వన్ బ్యాచ్ అందరూ తెలుసుకోవాల్సింది. శాక్రమెంటో స్ట్రీట్‌లో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అని ఒక వంటమనిషి ఉండేవాడు. చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే ఓడ దిగనివ్వలేదు, నువ్వు చైనావాడివి పో అన్నారు. కోర్టుకెక్కాడు. 1898లో సుప్రీంకోర్టు ఇక్కడ పుట్టినవాడు ఇక్కడి పౌరుడే అని చెప్పింది. మనవాళ్ళకి ఇక్కడ పుట్టిన పిల్లల పాస్‌పోర్టులన్నిటి వెనక ఆ కేసే ఉంది, 2025 జనవరిలో వీసా మీద ఉన్నవాళ్ళ పిల్లలకి పుట్టుకతో పౌరసత్వం ఇవ్వొద్దని ట్రంప్ ఆర్డర్ వచ్చి వాట్సాప్ గ్రూపులన్నీ అట్టుడికినప్పుడు లాయర్లు ముందు ఎత్తిన పేరు కూడా అదే. అతని వెనక నిలబడ్డ చైనా సంఘాల ఆఫీసు ఇప్పటికీ స్టాక్టన్ మీద ఉంది. (మన సంఘాలు ఉగాదికి హీరోయిన్‌ని పిలవడం దగ్గరే ఎందుకు ఆగిపోతాయో నాకు అర్థం కాదు, సరే అది వేరే గొడవ.)

వేవర్లీ ప్లేస్‌లో టిన్ హౌ గుడి ఉంది, సముద్రాన్ని కాపాడే అమ్మవారు, 1852 నుంచి ఉందని చెప్తారు. పై అంతస్తులో ఉంటుంది, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులుంటే ఆలోచించుకో. లోపల ఫోటోలు తియ్యొద్దు.

సింగపూర్ నుంచి:

రెండూ చూడడం వేస్ట్ కాదు బాబూ, పేరొక్కటే కలుస్తుంది. ఇక్కడ చైనాటౌన్ ఎమ్మార్టీ (మెట్రో) స్టేషన్‌లో దిగి పగోడా స్ట్రీట్‌లో నడిస్తే చివర కనపడేది మన మారియమ్మన్ గుడి గోపురం! ఆ వీధికి పగోడా అన్న పేరు వచ్చిందే ఆ గోపురం వల్ల. 1827లో నారాయణ పిళ్ళై అని, సింగపూర్‌ని స్థాపించిన బ్రిటిష్ ఆఫీసర్ రాఫెల్స్‌తో పాటు పెనాంగ్ నుంచి వచ్చినాయన మొదలుపెట్టిన గుడి, అప్పటికి తాటాకు పాకే. కాస్త అవతల కోరమాండల్ తీరం నుంచి వచ్చిన చూలియా ముస్లింల మసీదు, ఇంకాస్త ముందుకెళ్తే బుద్ధుడి దంతం ఉందని చెప్పే పెద్ద గుడి, అది మాత్రం 2007దే. ముగ్గురు దేవుళ్ళు ఒకే రోడ్డు మీద, సౌత్ బ్రిడ్జ్ రోడ్. మీ అమ్మగారికి మొక్కుకోవడానికి గుడి దొరికింది కాబట్టి ఇక చైనాటౌన్ గురించి కంప్లైంట్ ఉండదు. దీపావళికి ముందు వస్తే ఆ గుళ్ళోనే నిప్పుల గుండం తొక్కుతారు, సెరంగూన్ రోడ్డులోని పెరుమాళ్ గుడి నుంచి అక్కడిదాకా భక్తులు నడిచొస్తారు.

తిండికి స్మిత్ స్ట్రీట్ మీద చైనాటౌన్ కాంప్లెక్స్ పైకెక్కండి, రెండు వందలకి పైనే స్టాళ్ళు, అందులో వెజిటేరియన్ బోర్డు ఉన్నవి వెతుక్కోండి. అక్కడ చికెన్, మటన్ అని పేర్లుంటాయి కానీ అవి సోయాతో చేసినవి, అమ్మగారు పేరు చూసి జడుసుకోకుండా ముందే చెప్పండి. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడుంటే ఎవరో సీటు ఆపుకున్నారని అర్థం, తీసి పక్కన పెట్టి కూర్చోవద్దు, మావారు అదే చేసి ఒక ఆంటీతో తిట్లు తిన్నారు. తిన్నాక ట్రే తీసుకెళ్ళి స్టాండ్‌లో పెట్టాలి, 2021 నుంచి కంపల్సరీ. దురియన్ (ఘాటు వాసనొచ్చే పండు) రుచి చూస్తే అక్కడే తినెయ్యండి, ట్రైన్‌లోకి తేనివ్వరు. చైనీస్ న్యూ ఇయర్ మొదటి రెండు రోజులు మాత్రం రావద్దు, అంతకుముందు మూడు వారాలు లైట్లతో కళకళ్ళాడే వీధిలో ఆ రెండు రోజులు సగం షాపులు మూసేసి ఉంటాయి.

వీసా సంగతి: అమెరికా వీసా ఉన్న ఇండియన్స్‌కి వేరే దేశానికి పోతూ వస్తూ 96 గంటలు వీసా లేకుండా ఆగే సదుపాయం ఉంది, కానీ కండిషన్లున్నాయి, ఎవరో చెప్పారని కాకుండా ఐసీఏ (సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖ) సైట్‌లో చదువుకునే టికెట్ బుక్ చెయ్యండి.

న్యూజెర్సీ నుంచి:

మంచూరియా అన్నాడు కాబట్టి నేనూ ఒక మాట. మాది ఖరగ్‌పూర్, రైల్వే తెలుగోళ్ళం. ఇంత దూరం వచ్చి చైనాటౌన్ అంటున్నారు గానీ మన కలకత్తాలో రెండున్నాయి. పోద్దార్ కోర్ట్ దగ్గర తిరెట్టా బజార్‌లో తెల్లారగట్ట రోడ్డు పక్కన ఆవిరి బన్నులు, చేపముద్దల సూప్ అమ్ముతారు, ఎండెక్కాక వెళ్తే ఏమీ ఉండదు. రెండోది టాంగ్రా, హక్కా అనే చైనా జనాల తోళ్ళ ఫ్యాక్టరీలు ఒకప్పుడు ఉన్న పేట, మన హక్కా నూడుల్స్‌లో పేరు వాళ్ళదే. అక్కడ చైనీస్ కాళీ గుడి ఉంది, ప్రసాదంగా నూడుల్స్ పెడతారు. 1962 యుద్ధం అప్పుడు మన గవర్నమెంట్ ఇండియాలోని చైనావాళ్ళలో వేలమందిని పట్టుకెళ్ళి రాజస్థాన్‌లో దేవ్‌లీ క్యాంపులో పెట్టింది, ఆ తర్వాత చాలామంది కెనడా వెళ్ళిపోయారు. టొరంటోలో హక్కా చైనీస్ బోర్డులు కనపడితే అందులో కలకత్తా వాళ్ళవి చాలానే ఉంటాయి, మంచూరియా కావాలంటే అక్కడ దొరుకుద్ది.

ఫ్రీమాంట్ అబ్బాయి:

థాంక్స్ అన్నా, అక్కా, ఇంత రాస్తరనుకోలే. నాన్నకు సదివి వినిపించిన, కలకత్తా గూడ పోదామంటున్నడు ఇంక. కారు సంగతి ఎవ్వరు చెప్పలే?

డబ్లిన్ (కాలిఫోర్నియా) నుంచి:

కారులో పొండి, పోర్ట్స్‌మౌత్ స్క్వేర్ కింద గ్యారేజ్ ఉంది, పెద్దవాళ్ళతో ట్రైన్లు మారడం ఎందుకు.

శాన్ మటేయో నుంచి:

గ్యారేజ్ ఉన్నమాట నిజమే గానీ నేనైతే వద్దంటా. ఆ కొండ రోడ్లు, వీకెండ్ ట్రాఫిక్, పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలో కారు అద్దాలు పగలగొట్టి బ్యాగులు లాగడం అందరికీ తెలిసిందే. ఫ్రీమాంట్‌లో బార్ట్ ట్రైన్ ఎక్కి పావెల్ స్టేషన్‌లో దిగితే లోపల నుంచే యూనియన్ స్క్వేర్ స్టేషన్‌కి దారుంది, అక్కడ టీ లైన్ (T) ట్రైన్ ఎక్కితే తర్వాతి స్టాపే చైనాటౌన్, అదే లాస్ట్. నడక కొంచెం ఎక్కువే కానీ ఎస్కలేటర్లు, లిఫ్టులు ఉన్నాయి. పైకొస్తే నేరుగా స్టాక్టన్ మీద ఉంటావు, అక్కణ్ణుంచి గ్రాంట్‌కి కిందకి దిగడమే. డ్రాగన్ గేట్ నుంచి మొదలెడితే పెద్దవాళ్ళతో ఎత్తు ఎక్కాలి. శనివారం పొద్దున పదింటికల్లా చేరుకోండి, మధ్యాహ్నానికి డిమ్ సమ్ కొట్ల ముందు లైన్లు బయటికొచ్చేస్తాయి. అమ్మగారికి పులిహోర ఒక డబ్బాలో పెట్టుకెళ్ళు, ఏదీ కుదరకపోతే పనికొస్తుంది.