పోతన “అవ్వల” ఎక్కడ?

గుంపులో నిన్నటి ప్రశ్న: దేవుడు దేశకాలాలకు అతీతుడంటారు కదా, మరి గజేంద్రమోక్షంలో పెంజీకటికి “అవ్వల” ఉన్నాడంటే అదీ ఒక చోటే కదా?

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగినఁ దుది నలోకం బగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్.

(లోకాలూ, వాటి పాలకులూ, వాటిలో ఉండేవాళ్లూ అంతా నశించాక, చివర మిగిలే లోకమే లేని కటిక చీకటికి ఆవల ఒకే రూపుతో వెలిగేవాణ్ని నేను సేవిస్తాను అని.)

నిజమే, చోటే. సంస్కృత మూలంలోనూ “తస్య పారే” అనే ఉంది, అంటే దానికి ఆవలి ఒడ్డున. అక్కడ లోకాలు నశించేది “కాలేన”, కాలం చేత. పోతన కాలం పేరెత్తకుండా “తుది” అన్నాడు. ఆ తుదికీ చోటు వాసన పోలేదు: కొమ్మ తుద, నాలుక తుద అంటాం. “ముందు” కూడా అంతేగా, ఇంటి ముందూ ఉంటుంది, పెళ్లికి ముందూ ఉంటుంది. నామవాచకాలతో దేశకాలాలు దాటడం ఎవరి తరమూ కాదని నా అనుమానం.

కానీ క్రియ చూడండి. “వెలుఁగు నతని”. వెలిగినవాడు కాదు, వెలుగుతున్నవాడు కాదు, వెలగబోయేవాడు కాదు. ఇది తద్ధర్మం, అంటే ఏ కాలానికీ కట్టుబడకుండా స్వభావాన్ని మాత్రం చెప్పే రూపం. “నిప్పు కాలుస్తుంది” అన్నప్పుడు ఎప్పుడని ఎవరూ అడగరు, అలాగన్నమాట. మూలంలో “అభివిరాజతే” వర్తమానం. సంస్కృతంలో నిత్యసత్యాలు చెప్పడానికీ అదే వాడతారు, తెలుగులో దానికి వేరే రూపమే ఉంది. స్కూల్లో మార్కుల టెన్షన్‌తో బట్టీ పట్టిన తద్ధర్మం ఇక్కడ ఇంత పని చేస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక “నే” సంగతి. రెండు పద్యాల ముందు ఇదే ఏనుగు “శరణంబు వేడెదన్” అంది. అది ఇప్పటి మాట, కాలు మొసలి నోట్లో ఉండగా అన్నది. ఇక్కడికొచ్చేసరికి “సేవింతున్”. ఇదీ తద్ధర్మ రూపమే! వెలగడం ఆయన స్వభావం, సేవించడం నా స్వభావం అన్నట్టుంది. జీవుడు కూడా కాలం బయటివాడేనా అంటే, వ్యాకరణం మేరకు ఇద్దరినీ ఒకే వరసలో కూర్చోబెట్టాడు పోతన.

— బాగుంది గానీ, “సేవింతున్” భవిష్యత్తుకీ చెల్లుతుందండీ. “రేపు వస్తాను”, “రోజూ వస్తాను” రెండింటికీ మనకిప్పుడు ఒకే రూపం లేదూ?

— చెల్లుతుంది, ఒప్పుకుంటాను. “నే” దగ్గర మీ అభ్యంతరం నిలుస్తుంది. “వెలుఁగు” దగ్గర మాత్రం నిలవదు. లోకాలన్నీ తెగాక వెలగడం మొదలుపెడతాడని అర్థం తీస్తే పద్యమే చెడుతుంది.