గురక, తగ్గని బీపీ: స్లీప్ స్టడీ చేయించుకున్నవాళ్లు కాస్త చెప్పండి

మా నాన్నకి 59 ఏళ్లు, 92 కిలోలు. పెళ్లిళ్లకి వెళ్తే ఆయన పడుకున్న గదిలో ఇంకెవరూ పడుకోరు, అంత గురక. ఇన్నాళ్లూ నవ్వుకున్నాం. సంక్రాంతికి ఇంటికెళ్లి హాల్లో ఆయన పక్కనే పడుకున్నాను. గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. ఊపిరి కూడా లేదు. ఫోన్‌లో చూశా, 25 సెకన్లు! తర్వాత ఉలిక్కిపడి గాలి పీల్చుకుని మళ్లీ గురక. అమ్మేమో "ఎప్పుడూ అంతే, నువ్వు పడుకో" అంది. నాకెక్కడి నిద్ర.

బీపీకి టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ రెండూ వాడుతున్నారు. ఉప్పు తగ్గించారు (ఆవకాయ మాత్రం లెక్కలోకి రాదట). అయినా పొద్దున్నే 160/100 ఉంటోంది, సాయంత్రానికి కాస్త నయం. నిద్రలో గొంతు మూసుకుపోయి ఆక్సిజన్ పడిపోయినప్పుడల్లా మెదడు కంగారుపడి లేపుతుందని, ఆ దెబ్బకి బీపీ ఎగబాకుతుందని డాక్టర్ గారు చెప్పారు. మామూలుగా రాత్రిపూట బీపీ 10 నుంచి 20 శాతం తగ్గాలట. స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉంటున్నాయో రాత్రంతా చూసే పరీక్ష) రాశారు.

నాన్న ససేమిరా అంటున్నారు. "ఒళ్లంతా వైర్లు తగిలిస్తే ఎవడికి నిద్ర పడుతుంది?" అని.

ఇంట్లో చేసే పరీక్ష మీకు సరిపోయిందా, ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండాల్సి వచ్చిందా? సీప్యాప్ మాస్క్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా కరెంటు మెషిన్‌తో గాలి పంపేది) వాడాక బీపీ నిజంగా తగ్గిందా, ఎన్నాళ్లకి? గుబురు మీసాలున్నవాళ్లకి మాస్క్ సరిగ్గా కూర్చుంటుందా? మాది పల్లెటూరు, రాత్రి కరెంటు పోతే ఏం చేస్తున్నారు? అన్నిటికన్నా ముందు, మొండి నాన్నల్ని ఎలా ఒప్పించారో చెప్పండి. మొన్న బండి నడుపుతూ కునికారట.