మిర్రర్‌లో ఒక డిస్క్ పోతుంటే ముందే పీకేయాలా, కొత్తది నిండేదాకా ఉంచాలా?

ద్వారకానగర్_ల్యాబ్:
అందరికీ నమస్కారం. ద్వారకానగర్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ సర్వర్ నేనే చూస్తాను. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం మీద జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టం, రెండు 4 టీబీ డిస్కుల మిర్రర్ (ఒకే డేటా రెండిట్లోనూ ఉంటుంది), రెండూ ఒకే రోజు ఒకే షాపులో కొన్నవి, ఐదో ఏడు నడుస్తోంది. నిన్న రాత్రి స్క్రబ్‌లో (డేటా మొత్తం చదివి సరిచూసే పని) ఏడీఏ1 అనే డిస్క్ మీద 14 రీడ్ ఎర్రర్లు వచ్చాయి. పెండింగ్ సెక్టార్లు (చదవడం కుదరక డిస్క్ అనుమానంలో పెట్టినవి) సోమవారం 8 ఉంటే ఇవాళ పొద్దున 56. కొత్త డిస్క్ తెచ్చి పెట్టుకున్నాను. మా సీనియర్ గారేమో పాతది పీకేసి ఆ స్లాట్‌లోనే కొత్తది పెట్టెయ్ అంటున్నారు, నాకు మాత్రం చెయ్యి రావట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

గాజువాక_అడ్మిన్:
మీ సీనియర్ గారు చెప్పిందే కరెక్ట్. పోతున్న డిస్క్‌ని లోపల ఉంచితే అది మొత్తం సర్వర్‌ని పట్టి లాగుతుంది. ఇంట్లో వాడే మామూలు డిస్క్ అయితే ఒక చెడ్డ సెక్టార్ దగ్గర పదేపదే ప్రయత్నిస్తూ కూర్చుంటుంది, ఆ లోపు బిల్లింగ్ కౌంటర్‌లో స్క్రీన్ కదలదు, బయట పేషెంట్లు క్యూలో నిలబడి ఉంటారు. రెండోది బాగానే ఉంది కదా. మిర్రర్ పెట్టుకున్నదే ఇందుకు.

పెదవాల్తేరు_నెట్‌వర్క్:
డిస్క్ జోలికి వెళ్లేముందు స్మార్ట్‌లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) 199వ నంబరు చూడండి, సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే కేబుల్ దారిలో డేటా చెడినవి. అది పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, కేబుల్‌దో కనెక్టర్‌దో అయ్యుంటుంది. మా ఆఫీసు బీచ్ రోడ్డుకి దగ్గర, ఉప్పు గాలికి గేట్లే ఆగవు, కంప్యూటర్ క్యాబినెట్ వెనక స్క్రూలు కూడా తుప్పు పట్టాయి. రెండేళ్ల క్రితం ఇలాగే డిస్క్ పోయిందని కొత్తది కొనిపించాం, తీరా చూస్తే సాటా కేబుల్. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

ద్వారకానగర్_ల్యాబ్:
చూశానండీ, 199 సున్నా. 5వ నంబరు (చెడిపోతే వేరే చోటికి మార్చిన సెక్టార్లు), 197 (పెండింగ్ సెక్టార్లు) మాత్రమే పెరుగుతున్నాయి.

పాత_సోలారిస్:
అయితే డిస్క్ లోపలే పాడవుతోంది, అందులో అనుమానం లేదు. కానీ తమ్ముడూ, దాన్ని ఇప్పుడే పీకకు. గాజువాక గారూ, మీరు "రెండోది బాగానే ఉంది కదా" అన్నారు చూశారా, నా గొడవంతా ఆ మాట దగ్గరే. బాగానే ఉందని ఎవరు చూశారు? అదే వయసు, అదే షాపు, అదే వేడి, అవే కరెంటు కోతలు. పాతది పీకిన క్షణం నుంచి కొత్తది నిండేదాకా ల్యాబ్ డేటా మొత్తం ఆ ఒక్క డిస్క్ మీదే ఉంటుంది, పైగా ఆ గంటల్లోనే దాని మీద ఉన్న ప్రతి బ్లాకూ చదివిస్తాం. దాంట్లో ఎక్కడో మూల ఒక్క సెక్టార్ చదవడం కుదరకపోయినా ఆ ఫైల్ పోయినట్టే.

56 సెక్టార్లు పోయిన డిస్క్‌లో మిగతా కోట్ల సెక్టార్లు బాగున్నట్టే కదా. రెండు డిస్కులూ సరిగ్గా ఒకే చోట చెడడం చాలా అరుదు. అందుకే ఖాళీ పోర్టులో కొత్తది పెట్టి జెడ్‌పూల్ అటాచ్ కమాండ్‌తో కలుపు, మూడు డిస్కుల మిర్రర్ అవుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో పట్టిచ్చే లెక్క) ఉంది కాబట్టి ఒక దాంట్లో తప్పుగా వస్తే రెండో దాంట్లోంచి తెచ్చుకుంటుంది. రీసిల్వర్ (కొత్త డిస్క్‌లోకి డేటా నింపడం) అయ్యాక ఓసారి స్క్రబ్, ఆ తర్వాతే పాతది డిటాచ్. లినక్స్‌లో ఎండీఆడ్మ్ అనే టూల్‌తో పెట్టిన రెయిడ్ 1 (అదీ మిర్రరే) అయినా గ్రో చేసి మూడోది కలుపుకోవచ్చు, కాకపోతే దానికి చెక్‌సమ్ లేదు, డిస్క్ తనంతట తాను ఎర్రర్ చెబితేనే రెండోదాన్ని అడుగుతుంది.

గాజువాక_అడ్మిన్:
అన్నా, చెప్పింది బాగానే ఉంది, కానీ అందరి దగ్గరా మూడో స్లాట్ ఉండదు. రెండే డిస్కులు పట్టే డబ్బాలే ఎక్కువ మా సైడు. పైగా ఆ డిస్క్ నిజంగా హ్యాంగ్ అవుతుంటే రీసిల్వర్ రెండు రోజులైనా తెమలదు.

పాత_సోలారిస్:
హ్యాంగ్ అవుతుంటే ఆఫ్‌లైన్ చేయండి, కాదనను. కానీ ఆఫ్‌లైన్ వేరు, పీకి పక్కన పడేయడం వేరు. అవసరమైతే మళ్లీ ఆన్‌లైన్ చేయొచ్చు కదా. స్లాట్ లేకపోతే క్యాబినెట్ మూత తీసి, కేబుల్ బయటికి లాగి, ఆ ఒక్క రాత్రి కొత్త డిస్క్‌ని టేబుల్ మీదే పెట్టి నడిపించండి.

ఇంకోటి. డిస్క్ ముట్టుకునే ముందు సీరియల్ నంబరు చూసుకోండి. నేను ఒకసారి "కింద స్లాట్ అంటే రెండోదే" అనుకుని బాగున్న డిస్క్ లాగేశాను. మిగిలింది చెడ్డది. ఆ రాత్రి నిద్ర లేదు. అప్పటి నుంచి స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌లో వచ్చే సీరియల్‌లో చివరి నాలుగు అంకెలు మార్కర్‌తో తెల్ల టేపు మీద రాసి, బయటికి కనిపించేలా ప్రతి ట్రేకీ అంటిస్తాను.

పెదవాల్తేరు_నెట్‌వర్క్:
బ్యాకప్ సంగతి ఎవరూ అడగరేం? ఉందా?

ద్వారకానగర్_ల్యాబ్:
నిన్న రాత్రిది ఉందండీ, కానీ ఎప్పుడూ రీస్టోర్ చేసి చూడలేదు. మీరు అడిగాక ఒక నెల రిపోర్టుల ఫోల్డర్ వేరే మెషీన్‌లో తెరిచి చూశాను, తెరుచుకుంది.

ద్వారకానగర్_ల్యాబ్:
జరిగింది చెబుతాను. రాత్రి ల్యాబ్ మూశాక పాతది అలాగే ఉంచి, కొత్తది మూడో పోర్టులో పెట్టి అటాచ్ చేశాను. 2 టీబీ పైచిలుకు డేటా, తెల్లారేసరికి అయిపోయింది. లేచి స్టేటస్ చూస్తే ఏడీఏ1 మీద ఇంకో 9 రీడ్ ఎర్రర్లు, అది అనుకున్నదే. కానీ ఏడీఏ0, మేమంతా బాగుందనుకున్నది, దాని ఎదురుగా రీడ్ కాలమ్‌లో 3 ఉంది. ఐదేళ్లలో మొదటిసారి. కింద చివరి లైన్‌లో మాత్రం డేటా ఎర్రర్లు ఏమీ లేవనే ఉంది, అంటే ఆ మూడు చోట్లా సరైన కాపీ వచ్చింది పోతున్న ఏడీఏ1లోంచే. సీనియర్ గారికి స్క్రీన్ చూపించాను, ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఇంకో డిస్క్‌కి ఆర్డర్ పెట్టమన్నారు. వేరే కంపెనీది చెప్పాను. అది వచ్చి నిండేదాకా ఏడీఏ1ని డిటాచ్ చెయ్యట్లేదు.