త్రుబెత్స్‌కోయ్ తరహా వేలి గుర్తులు పోతలో నిలవడం లేదు, ఏం చేయాలి?

పావోలో త్రుబెత్స్‌కోయ్ అనే శిల్పి చేసిన, గుర్రం మీద కూర్చున్న టాల్‌స్టాయ్ బొమ్మ ఫోటోలు చూసి సాధన చేస్తున్నాను. (ఈయన 1866లో ఇటలీలోని ఇంత్రాలో పుట్టిన రష్యన్ ప్రిన్సు. తల్లి అమెరికన్ గాయని.) ఆయన పనిలో నాకు నచ్చేది పైతలం: ఇంప్రెషనిస్టు చిత్రకారుల కుంచె విసుర్లలా వేళ్ళతో నొక్కిన చోట్లు నునుపు చేయకుండా అలాగే వదిలేస్తాడు. 1909లో పీటర్స్‌బర్గ్‌లో పెట్టిన రష్యా చక్రవర్తి మూడో అలెగ్జాండర్ విగ్రహం జోలికి పోలేదు లెండి, అంత ధైర్యం లేదు!

నాది 28 సెం.మీ. ఎత్తు, నూనె మట్టి, లోపల అల్యూమినియం తీగ. మట్టిలో గుర్తులన్నీ స్పష్టంగా ఉన్నాయి. ప్లాస్టర్ అచ్చు తీసి, మట్టి తవ్వేసి, లోపల ప్లాస్టర్ పోసి, అచ్చును ఉలితో పగలగొడుతున్నాను.

మూడుసార్లు చేశాను. మొదట, పోత అతుక్కోకుండా అచ్చు లోపల వాజలీన్ రాస్తే గీతల్లో నిండిపోయి గుర్రం మెడ సబ్బుబిళ్ళలా వచ్చింది. తర్వాత సబ్బు నీళ్ళు మూడు పూతలు వేశాను. కొంచెం మెరుగే, కానీ కోటు మడతలు మొద్దుబారాయి. మొన్న ఒక్క పూతతో సరిపెట్టాను. గుర్తులు బాగా పడ్డాయి, కానీ కాళ్ళ మధ్య అచ్చు అతుక్కుపోయి, పగలగొట్టేటప్పుడు జూలు ఊడొచ్చింది. మూడుసార్లూ పోతను రాత్రంతా ఆరనిచ్చాకే ఉలి పట్టాను.

అచ్చుకు సిలికాన్ (రబ్బరులా వంగే పదార్థం) ఇంకా వాడలేదు, ఖరీదని వెనకాడుతున్నాను. ఇలాంటి గరుకు పైతలం పోత పోసిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి: ఈ సైజు బొమ్మకు సబ్బు పూత పద్ధతినే సరిదిద్దుకోవచ్చా, లేక సిలికాన్ అచ్చుకు మారక తప్పదా?